కుట్టుపనిలోంచి వాక్యం చెప్పమన్నారు. సూది సంగతి చెప్పొచ్చా?

సూదీదారం (నరసరావుపేట):

అందరికీ వందనాలు.

మా లూథరన్ సంఘంలో స్త్రీల సమాజం నెలకోసారి శనివారం మధ్యాహ్నం కూడుకుంటుంది. ఈసారి వాక్యం చెప్పడం నా వంతు. అంశం కూడా వాళ్ళే ఇచ్చారు: "దినదిన జీవితంలో దేవుడు నేర్పే పాఠాలు". నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, ఫాల్, పికో చేస్తాను. "నీకేంటమ్మా, పొద్దస్తమానం మెషిన్ మీదే ఉంటావు, కుట్టుపనిలో బోలెడన్ని పాఠాలు" అని నవ్వేసి వెళ్ళిపోయారు.

దొరకట్లేదని కాదు నా బాధ. మరీ తేలిగ్గా దొరుకుతున్నాయి. దారం అంటే విశ్వాసం, కత్తెర అంటే శ్రమ, లైనింగు అంటే పైకి కనపడని ప్రార్థన. ఇట్లా రాసుకుంటూ పోతే నోటుబుక్కు నిండిద్ది. రాసిందంతా మళ్ళీ చదువుకుంటే నాకే ఒక్కటీ తగల్లేదు. కత్తెర తీసేసి ఆ చోట చీపురు పెట్టినా ప్రసంగం అట్లాగే నడిచిపోతుంది. అంటే నేను కత్తెర గురించి ఏమీ చెప్పలేదన్నమాట.

దీనికి తోడు వాట్సాప్‌లో వచ్చేవి. పక్షిరాజు కథ మీ అందరికీ వచ్చే ఉంటుంది. నలభై ఏళ్ళు రాగానే కొండెక్కి ముక్కు బండకేసి విరగ్గొట్టుకుంటుందట, కొత్త ముక్కు మొలిచేదాకా ఆగి, దాంతో గోళ్ళు పీక్కుని, ఈకలు పీక్కుని ఇంకో ముప్పై ఏళ్ళు బతుకుతుందట. కిందటి ఏడు ఒక కూటంలో ఇది విని వచ్చి మా అబ్బాయికి చెప్పాను. వాడు డిగ్రీలో జువాలజీ. "ముక్కు లేకుండా అన్నాళ్ళు ఏం తిని బతికిద్దమ్మా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. 103వ కీర్తనలో "పక్షిరాజు యౌవనమువలె నీ యౌవనము క్రొత్తదగుచుండునట్లు" అన్న మాటకి ఆ కథ ఆసరా దేనికి? పక్షులు పాత ఈకలు రాల్చి కొత్తవి తొడుక్కోవడం పెరట్లో కోళ్ళున్న ఎవరైనా చూస్తారు.

నాకు నిజంగా తగిలింది ఒక్కటుంది. అది చెప్పొచ్చో లేదో మీరే చెప్పాలి.

పెళ్ళిళ్ళ సీజన్లో రాత్రిళ్ళు హుక్సు కుట్టుకుంటూ కూర్చుంటాను. హుక్సు చేతిసూదితోనే కుట్టాలి. ఒకోసారి దారం తెగి సూది జారుతుంది. చప్పుడు రాదు. పక్కింటి పాపాయి మా ఇంట్లోనే పాకుతూ ఉంటుంది కాబట్టి ఇక సూది దొరికేదాకా ఏ పనీ లేదు. లైటు వేస్తే సరిపోదండీ. మా గచ్చు మచ్చల గచ్చు, పైనుంచి వెలుగు పడితే సూది ఆ మచ్చల్లో కలిసిపోతుంది. ఫోన్ టార్చి వెలిగించి నేలకి ఆనించి, మనం కూడా చెంప నేలకానించి చూడాలి. అప్పుడు సూది కనపడదు, దాని నీడ కనపడుద్ది. ఇంత సూదికి జానెడు నీడ. ఆ నీడ పట్టుకుని పోతే మొదట్లో సూది ఉంటుంది. చీపురుతో ఊడిస్తే మాత్రం పరుపు కిందకో, తలుపు సందులోకో పోయి కూర్చుంటుంది.

అట్లా నేల మీద పడుకుని వెతికే రాత్రి లూకా 15లో పోయిన నాణెం వెతికే స్త్రీ గుర్తొచ్చింది. "దీపము వెలిగించి యిల్లు ఊడ్చి అది దొరకువరకు." నేను వాక్యం కోసం వెతకలేదు, అదే వచ్చింది. దీపం ఎందుకు కావాల్సొచ్చిందో మొదటిసారి అర్థమైంది. మట్టినేల, చిన్న గది, గోడలో చిన్న కిటికీ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఆవిడ కూడా దీపాన్ని కిందకి దించే ఉంటుంది.

అయితే చిక్కు ఏంటంటే, అది కుదరదు. ఆవిడ వెతికింది వెండి నాణెం, విలువైంది. నేను వెతికేది రూపాయి కూడా చెయ్యని సూది. దాని విలువ కోసం కాదు, ఎవరి కాల్లోనో దిగుతుందని వెతుకుతాను. ఆమె దొరికాక చెలికత్తెలను పిలిచింది. నేను దొరికాక దిండుకి గుచ్చి మళ్ళీ హుక్సు కుట్టుకుంటాను.

సమాజంలో పెద్దావిడకి చెబితే, "ఆ కాలు సంగతి తీసెయ్యి. సూది అంటే ఆత్మ, చిన్నదైనా దేవుడు వెతుకుతాడు అని ముగించు, బాగుంటుంది" అన్నారు. బాగుంటుంది, నిజమే. కానీ నేను అందుకు వెతకలేదే! కుదరని చోట కుదరలేదని చెప్పి ఊరుకోవచ్చా? మీలో వాక్యం చెప్పేవాళ్ళు ఏం చేస్తారు?

కృపామయి (విజయవాడ):

ప్రైజ్ ద లార్డ్ సిస్టర్. ఇంత ఆలోచించక్కర్లేదు. సామెతలు 6:6లో చీమల దగ్గరికి వెళ్ళి నేర్చుకోమన్నాడు కదా, అన్నిట్లోనూ పాఠం ఉంటుంది. నేను రోజూ ఒకటి గ్రూపులో పెడతాను. మొన్న కుక్కర్ విజిల్ మీద పెట్టాను: విజిల్ రాగానే స్టవ్ దగ్గరికి పరిగెడతాం, మరి కడబూర మోగితే సిద్ధమా అని. చాలా ఆమెన్లు వచ్చాయి. మీ సూది కూడా చాలా బాగుంది, పెద్దావిడ చెప్పినట్టే ముగించండి.

అలివివల (కాకినాడ):

అక్కా, వందనాలండి. మాది ఉప్పాడ పక్కనే. నేనిప్పుడు ఆఫీసు ఉద్యోగంలో ఉన్నాను గానీ మా నాన్న అలివి వల లాగినోడే. మీరు కుదరలేదన్నారు కదా, అది చదివాక రాయాలనిపించింది.

మత్తయి 13లో వల ఉపమానం ఉంది, వల ఒడ్డుకి లాగి మంచి చేపలు గంపల్లో వేసి చెడ్డవి పారేస్తారని. నేను విన్న ప్రసంగాల్లో మంచి చేపలు మనం, చెడ్డ చేపలు అవతలోళ్ళు. వల లాగినోడెవడూ ఆ మాట అనడండి. అలివి వల అంటే పడవ మీద సముద్రంలోకి వెళ్ళి అర్ధచంద్రంలా వదిలొస్తారు. రెండు కొసల తాళ్ళు ఒడ్డునే ఉంటాయి. ఒక్కో తాడుకి ఒక్కో వరస జనం, నడుం వెనక్కి వాల్చి లాగడమే. లాగేటప్పుడు లోపలేముందో ఎవడికీ తెలీదు. బరువుగా వస్తుంటే చేపనుకుని సంబరపడతాం, తీరా చూస్తే ఒకోసారి సగం జెల్లీ చేపలే. వల ఏరుకోదు. లాగేవాడూ ఏరడు.

ఏరడం తర్వాత. ఆ వచనంలో "కూర్చుండి" అని ఒక మాట ఉంటుంది చూడండి. పాస్టర్లు దాని మీద ఆగరు. మా ఇంట్లో ఆ మాట రాగానే అందరికీ మా అమ్మే కనపడుతుంది. ఇసకలో గొంతుక్కూర్చుని, కొంగు తలకి చుట్టుకుని, రెండు చేతులూ రెండు వేపులా వెళ్ళిపోతుండేవి. నెత్తళ్ళు ఒక గంప, కవళ్ళు ఒక గంప, కానాగంతలు కాస్త విడిగా. చూపు ఒక చోట, చేయి ఒక చోట. సముద్రపు పాము వస్తే మాత్రం ఆగేది, కర్రతో పక్కకి తోసేది. నిలబడి చేసే పని కాదది, తొందరగా చేసే పని అంతకన్నా కాదు.

ఇప్పుడు అసలు సంగతి. బయట పడేసినవి ఉన్నాయి కదా, నలిగినవి, మరీ చిన్నవి, పేరు లేనివి. వాటిని కుక్కల కంటే ముందు మేం పిల్లలం ఏరేవాళ్ళం. ఆ రోజు మా ఇంట్లో పులుసు వాటితోనే. గంపల్లోవి అమ్మకానికి. అందుకని "చెడ్డవాటిని బయట పారవేయుదురు" అని చదివితే నాకు నోరూరేదండి. సండే స్కూల్లో ఈ మాట పైకి అన్నాను, కూర్చోమన్నారు.

నేను దాన్నిప్పుడు సిద్ధాంతం చెయ్యట్లేదు. ఆ ఉపమానం తీర్పు గురించి, తరవాతి వచనాల్లోనే ఉంది. కానీ వేరుచేసేది దేవదూతలని కూడా అక్కడే ఉంది. తాడు పట్టుకున్నోళ్ళకి ఆ పని అప్పజెప్పలేదు. ఈ ముక్క నాకు పుస్తకాల్లో దొరకలేదు, ఒడ్డున దొరికింది. పులుసు సంగతి మాత్రం ఎక్కడా కుదరదు. కుదరకపోయినా ఎవరికైనా చెప్పేటప్పుడు రెండూ చెబుతాను. కుదరనిది దాచేస్తే నేను ఆ ఒడ్డున పెరిగానని ఎవరు నమ్ముతారండి?

విశ్రాంత కాపరి (బాపట్ల):

అమ్మా, శుభం. తమ్ముడు చెప్పిన దానికి ఒక చిన్న చేర్పు. లేవీయకాండము 11 ప్రకారం రెక్కలూ పొలుసులూ లేని చేప యూదులకు నిషిద్ధం. గలిలయ సముద్రంలో మన జెల్లలాంటి పొలుసు లేని మీసాల చేప ఉంది, ఇప్పటికీ పడుతుంది. అక్కడి జాలరి పారేసిన వాటిలో అదీ ఉండి ఉంటుంది. మనవాళ్ళయితే దానికే ముందు బేరమాడతారు. కాబట్టి తమ్ముడూ, నీ పులుసు మరీ అంత దారి తప్పలేదు.

ఇక సూది విషయం. చాలా ఏళ్ళు ప్రసంగాలు చేసినవాడిగా చెబుతున్నాను, ప్రసంగపీఠం మీద నిజం కాని ఉదాహరణలు నిజమైన వాటికంటే ఎక్కువ కాలం బతుకుతాయి. పక్షిరాజు ఒకటి. మీ వృత్తికి సంబంధించిందే ఇంకొకటుంది. ధనవంతుడు దేవుని రాజ్యంలో ప్రవేశించడం కంటే ఒంటె సూదిబెజ్జంలో దూరడం సులభం అన్నాడు కదా యేసు. దానికి చెప్పే వివరణ: యెరూషలేములో "సూదిబెజ్జం" అని చిన్న ద్వారం ఉండేదని, ఒంటె మూట దించి మోకరిస్తే అందులోంచి దూరేదని. యేసు కాలంలో అలాంటి ద్వారం ఉన్నట్టు ఆధారమేదీ లేదు. ఆ వివరణ కనపడేది ఎన్నో శతాబ్దాల తరవాతే. అది ఎందుకంత నచ్చిందో కూడా చెబుతాను. వంగితే దూరొచ్చు అంటే ధనవంతుడికి ఊరట. శిష్యులకు ఆ ఊరట దొరకలేదు, "ఆలాగైతే ఎవడు రక్షణ పొందగలడు" అని విస్తుపోయారు. రోజూ సూదిలో దారం ఎక్కించే మీకు ఆ బెజ్జం ఎంతుంటుందో వేరే చెప్పాలా?

యేసు ఉపమానాల్లో వస్తువు వస్తువుగానే ఉంటుంది, ఎక్కడో ఒక ముల్లు కూడా ఉంటుంది. పుల్లని పిండి తీసుకోండి. మూడు కుంచముల పిండిలో ఒక స్త్రీ దాన్ని దాచిపెట్టింది. మూడు కుంచాలంటే దాదాపు 40 లీటర్ల పిండి. ఒక ఇంటి వంట కాదది, ఊరి భోజనం. పైగా యూదుల పస్కా పండగ వస్తే పులిసింది ఇంట్లో ఉండకూడదు. అదే సువార్తలో మూడు అధ్యాయాలు దాటగానే పరిసయ్యుల పులిసిన పిండి గురించి జాగ్రత్తపడమంటాడు. అలాంటి వస్తువుతో పరలోకరాజ్యాన్ని పోల్చాడు. విన్నవాళ్ళు ఆమెన్ అని ఉంటారా? ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఉంటారు.

ఉదాహరణ సరైందో కాదో తేల్చుకోవడానికి నేను చూసేది ఒక్కటే, అది ఎవరి వైపు తిరిగి ఉంది అని. దావీదు రాజు ఇంకొకడి భార్యను తీసుకున్నాక నాతాను ప్రవక్త ఆయన దగ్గరికి వెళ్ళి, ధనవంతుడు లాక్కున్న పేదవాడి గొఱ్ఱెపిల్ల సంగతి చెప్పాడు. దావీదు అది ఊళ్ళో జరిగిన తగువే అనుకున్నాడు, తీర్పు కూడా చెప్పేశాడు. "ఆ మనుష్యుడవు నీవే" అన్న తరవాతగానీ అది ఉదాహరణ అని తెలియలేదు. మనం చెప్పే వాటిలో చాలా మటుకు ఎదురింటి కోడలి వైపు తిరిగి ఉంటాయి. మీ సూది ఎవరి వైపు ఉందో చూసుకోండి. కాలి సంగతి మాత్రం తీసెయ్యకండి. నాకు ప్రాణమంతా అక్కడే ఉన్నట్టుంది, ఎందుకో నేనూ ఇంకా చెప్పలేను.

మరో మాట. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టింది 1842లో. ఆ తరవాతి తరాల్లో బైబిలు స్త్రీలు ఇల్లిల్లూ తిరిగి, వడ్లు దంచే చోట, బావుల దగ్గర వాక్యం చెప్పారు. దంచే చెయ్యి ఆగకుండా వినే మనుషులకు చెప్పాలంటే రోకలి గురించి తప్పు మాట్లాడితే కుదరదు.

కువైట్ నుంచి, పాలకొల్లు పిల్ల:

అక్కా, నేను ఇక్కడ ఒక ఇంట్లో పని చేస్తన్నానండి. శుక్రవారం సెలవు దొరికితే తెలుగు ఆరాధనకి వెళ్తాను, దొరక్కపోతే ఫోన్లో పాటలు. మీరంతా బాగా రాశారు. నాకు మాత్రం ఒకటి అనిపించింది, కోపం తెచ్చుకోకండి.

పాఠాలు ఖాళీ ఉన్నోళ్ళకండి. నేను రోజూ దిష్‌దాషాలు, అంటే ఇక్కడి మగాళ్ళ అంగీలు, ఇస్త్రీ చెయ్యాలి. అవి తెల్లగా, మెడ నుంచి మడమదాకా పొడుగ్గా ఉంటాయి. కాలరు ముందు లోపలి వేపు చెయ్యాలి, కొసల నుంచి మధ్యకి రావాలి. మధ్య నుంచి కొసకి లాగితే కొసలో ముడత పడిపోద్ది, అది మళ్ళీ నీళ్ళు చల్లితేగానీ పోదు. దీంట్లో నాకేం పాఠం కనపడలేదు. ఎవరైనా చెబితే వింటాను గానీ, మా మేడమ్ వచ్చి చూసేది ముడత ఉందా లేదా అనే.

నేను చేసేదేంటంటే ఒక్కో దానికి ఒక్కో కీర్తన చెప్పుకుంటాను. చిన్నప్పుడు సండే స్కూల్లో బట్టీ పట్టించినవే. 23 అయిపోతే 121. "కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను" అంటాను, ఈ ఊళ్ళో చూద్దామంటే కొండే కనపడదు. నవ్వొస్తది ఒకోసారి. ఇస్త్రీ ఇస్త్రీయే, కీర్తన కీర్తనే. రెండూ పక్కపక్కన నడుస్తాయి, ఒకదాన్ని ఇంకోదాని మీద ఎక్కించను.

మా అమ్మ అన్నం వండే ముందు కొలిచిన బియ్యంలోంచి పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేసేది. నెలాఖరుకి గుళ్ళో ఇచ్చేది. ఇది దేనికి గుర్తు అని ఎప్పుడూ చెప్పలేదు. బియ్యం తక్కువున్న రోజు కూడా వేసేది, అది మాత్రం మేం చూసేవాళ్ళం.

మీ సమాజానికి వచ్చే ఆడవాళ్ళలో సగం మంది పనుల్లోంచి లేచొస్తారు కదా. ఇంటికెళ్ళి చెంబూ గిన్నే చూసి పాఠాలు వెతుక్కోండి అని వాళ్ళకింకో పని పెట్టకండి.

విశ్రాంత కాపరి (బాపట్ల):

తల్లీ, నీకు కోపం తెచ్చుకునేదెవరు? ఆ పిడికెడు బియ్యం మన దగ్గరే కాదు, మిజోరంలోనూ ఉంది. "బుహ్‌ఫాయ్ థామ్" అంటారు. అక్కడి సంఘాల్లో 1910లో మొదలైంది, ఇప్పటికీ సాగుతోంది. చేతిలో పెద్దగా డబ్బాడని రోజుల్లో ఆడవాళ్ళు పొయ్యి దగ్గర మొదలుపెట్టింది, సంఘానికి పెద్ద ఆదాయమైంది. దాని మీద ఎవరూ ప్రసంగం చెప్పక్కర్లేకపోయింది.

ఓరుగల్లు కాథలిక్ (కాజీపేట):

నేను మీ సంఘం కాదు, ఫాతిమానగర్ పేరిషోణ్ణి. అయినా రాస్తున్న, ఏమనుకోకుండ్రి.

మా దిక్కు జెస్యూట్ ఫాదర్లు రిట్రీట్ల ఒకటి నేర్పిస్తరు. వాళ్ళ సభ మొదలుపెట్టిన ఇగ్నేషియస్ లయోలా 16వ శతాబ్దంల పెట్టిన పద్ధతి. రాత్రి పండుకునే ముంగట ఆ దినం మొత్తం ఒకసారి వెనక్కి చూసుకునుడు: యాడ మనసు దేవుని దిక్కు పోయింది, యాడ మర్లిపోయింది. గంతే. పని చేసేటప్పుడే పాఠం ఎతుకుడు కాదు. పొద్దంత పని మీదనే సోయి ఉండాలె, చూసుకునుడు రాత్రికి. అక్క సూది ముచ్చట గట్లనే అయ్యిందనుకుంట, ఆమె ఎతికింది సూదినే, వాక్యం ఎనుక వచ్చింది.

కువైట్ చెల్లె చెప్పింది చదివితే బ్రదర్ లారెన్స్ యాదికొచ్చిండు. 17వ శతాబ్దంల పారిస్ కార్మెలైట్ మఠంల వంటింట్ల చేసిండు. ఆ పని ఆయనకు అస్సలు నచ్చకపోయేది. అయినా ఏండ్లకేండ్లు చేసిండు, తర్వాత చెప్పులు కుట్టే పనికి మారిండు. గిన్నెలల్ల గుర్తులు ఎతికినోడు కాదు. గిన్నెల నడుమ దేవునితోని మాట్లాడుకుంట ఉన్నడు. మీరు చేస్తున్నది గదే చెల్లె, మీకు తెల్వకుండనే.

సూదీదారం (నరసరావుపేట):

అందరికీ వందనాలు. మెషిన్ పక్కన ఫోన్ పెట్టుకుని మళ్ళీ మళ్ళీ చదివాను. ఇవాళ ఇవ్వాల్సిన రెండు బ్లౌజులు రేపటికి పడ్డాయి, మీ పుణ్యమే.

అయ్యగారూ, ఎవరి వైపు తిరిగి ఉందో చూసుకోమన్నారు కదా. రాత్రి లూకా 15 మొత్తం చదివాను. అందులో తప్పిపోయినవి మూడు. గొఱ్ఱె తనే దారి తప్పింది. చిన్నకొడుకు ఆస్తి పంచుకుని తనే వెళ్ళిపోయాడు. నాణెం మాత్రం ఏమీ చెయ్యలేదండీ. ఇంట్లోనే ఉంది, ఇల్లుగలావిడ చేతిలోంచే జారింది. సూదీ అంతే. నేను విలువ దగ్గర ఆగిపోయి కుదరలేదనుకున్నాను, జారింది ఎవరి చేతిలోంచి అన్న దగ్గర కుదిరింది.

అక్కడే నాకు నిద్ర పట్టలేదు. మా సమాజానికి ఒకామె వచ్చేది. భర్త పోయాక కూడా వస్తూనే ఉండేది, మా అందరిలోకీ బాగా పాడేది ఆమే. ఒక కూటంలో ఎవరో ఆమె చీర రంగు గురించి ఒక మాట అన్నారు. పెద్ద మాటేం కాదు, నవ్వుతూనే అన్నారు. ఆ తరవాత నెల రాలేదు, ఆ పై నెలా రాలేదు. ప్రార్థన మనవుల్లో ఆమె పేరు "చల్లారిపోయిన సహోదరి" అని రాశారు. అంటే గొఱ్ఱె లెక్కలో వేసేశాం. ఆమె ఎక్కడికీ పోలేదు, రెండు వీధుల అవతలే ఉంది. జారింది మా చేతుల్లోంచి. కాలి సంగతి కూడా ఇప్పుడు కొంచెం తెలుస్తోంది. గుచ్చుకున్న మాట ఇంకా ఆ గదిలోనే పడుంది, ఎవరూ వంగి తియ్యలేదు. రేపు ఇంకో ఆమె అదే చోట కూర్చుంటుంది.

పెద్దావిడకి ఇది నచ్చకపోవచ్చు. శనివారం సూది సంగతే చెబుతాను, టార్చి నేలకి ఆనించి చూపించి మరీ చెబుతాను. కుదరని చోట కుదరదనే అంటాను. ఆమె పేరు మాత్రం ఎత్తను. అందరికీ తెలిసిపోతుందనుకోండి, అయినా ఎత్తను. దానికంటే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. ఆమె ఇచ్చిన ఆకుపచ్చ బ్లౌజు గుడ్డ ఇంకా నా దగ్గరే ఉంది. కొలతలు నా పుస్తకంలో ఉన్నాయి. మనిషి కాస్త చిక్కిందని విన్నాను కాబట్టి పక్కల్లో కుట్టు లోపల గుడ్డ ఎక్కువ వదిలి కుడతాను, అటో ఇటో సర్దుకోవచ్చు. శుక్రవారం సాయంత్రం పట్టుకెళ్తాను. వెళ్ళి ఏం మాట్లాడాలో తెలీదు. బ్లౌజు వేసుకుని చూడమంటాను, అక్కడి నుంచి ఎట్లా పోతే అట్లా.

కృపామయి (విజయవాడ):

సిస్టర్, కుక్కర్ విజిల్ మెసేజ్ గ్రూపులోంచి తీసెయ్యలేదు గానీ, ఇవాళ కొత్తది పెట్టలేదు. మీరు వెళ్ళొచ్చాక రాయండి. ప్రార్థిస్తాను.

అలివివల (కాకినాడ):

అక్కా, ఆవిడ తలుపు తియ్యకపోతే బ్లౌజు పక్కింట్లో ఇచ్చి రాకండి. మళ్ళీ వెళ్ళడానికి మీ దగ్గర ఒక వంక ఉండాలి.

కువైట్ నుంచి, పాలకొల్లు పిల్ల:

అన్నయ్య చెప్పింది నిజమండి. ఇంకోటి అక్కా, లైనింగు డబ్బులు అడగమాకండి. ఆవిడే ఇస్తే మాత్రం వద్దనకండి, కుట్టుకూలి మొత్తం తీసుకోండి. ఊరికే కుట్టి ఇచ్చారని తెలిస్తే ఆవిడ ఇంక రాదు.